నంబరు లేని తెప్ప

ఈ మధ్య నందిగాంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు పక్కింటి అమ్మాయి వచ్చి కూర్చుంది. ఇంజనీరింగు అయిపోయి విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరబోతోంది. "పెద్దమ్మా, నన్ను డేటా మోడళ్ళు రాసే టీములో ఏసేరు. అక్కడ నిజంగా ఏటి సేత్తారు?" అని అడిగింది. ఒక మనిషి గురించో వస్తువు గురించో కంప్యూటరు ఏమేం గుర్తుపెట్టుకోవాలో ముందుగా తేల్చి రాసిపెట్టడమే అన్నాను. "అంతేనా" అంది. అంతే అన్నాను.

ఆ పిల్ల వెళ్ళాక మనసు మనసులో లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా చేసిన పనిని, నన్ను కుదురుగా నాలుగు మెతుకులు తిననివ్వని పనిని, అంతే అని ఎలా అనేశానా అని నా మీద నాకే చిరాకు వేసింది. అందుకని ఆ అమ్మాయి కోసం, ఆమెలా కొత్తగా చేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, కంపెనీలు మారడాలు ఇందులో రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి, చదివేవాళ్ళకు ఆవలింతలు వస్తాయి.

నేను స్వతహాగా భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. ఆఫీసుల్లో నన్ను "ఒకవేళ మేడం" అనేవారు. ఏ డిజైను చూపించినా "ఒకవేళ ఇలా జరిగితే" అని మొదలుపెడతానని ఆ పేరు. నా ఎదురుగానే అనేవారు, నేనూ నవ్వేదాన్ని. ఇంట్లో ఈ భయం వల్ల అందరికీ విసుగే తప్ప ఒరిగిందేమీ లేదు. పనిలో మాత్రం అది నాకు అన్నం పెట్టింది.

అచ్చు, ఇటుక

క్లాస్, ఆబ్జెక్ట్ అన్న మాటలు మీరు కాలేజీలో చదివే ఉంటారు. పుస్తకాల్లో కారు అంటారు, చక్రాలు అంటారు, పరీక్ష రాసి మరచిపోతారు. నేనైతే ఇటుకల బట్టీ అని చెబుతాను. చెక్క అచ్చు ఒకటి ఉంటుంది, అందులో మట్టి వేస్తే ఇటుక బయటికి వస్తుంది. అచ్చు క్లాసు, ఇటుక ఆబ్జెక్టు. ఈ రోజుల్లో మీరు క్లాసు రాసి ఒక్క ఆజ్ఞ ఇస్తే డేటాబేసులో దానికి తగ్గ టేబులు దానంతటదే తయారవుతుంది. మా తొలి రోజుల్లో టేబులు వేరు, ప్రోగ్రాము వేరు, రెంటి మధ్యా మేము గాడిద చాకిరీ చేసేవాళ్ళం. ఇప్పుడు సుఖం. ఆ సుఖాన్ని చూస్తేనే నాకు గుబులు. కాఫీ తాగుతూ రాసిన ఒక్క లైను, మీరెప్పుడూ చూడని మనుషులకు షరతు అయి కూర్చుంటుంది.

ప్రతి ఫీల్డు, అంటే నింపాల్సిన ప్రతి గడి, పక్కనా చిన్న నిర్ణయం ఒకటి ఉంటుంది. ఇది ఖాళీగా ఉండవచ్చా, ఉండకూడదా? ఉండకూడదు అని రాయడం చాలా హాయిగా ఉంటుంది. డేటా శుభ్రంగా ఉంటుంది, రిపోర్టులు అందంగా వస్తాయి, పైవాళ్ళు మెచ్చుకుంటారు. నేనూ కొత్తలో అన్నిటికీ అదే రాసేదాన్ని.

నా మొదటి బాసు మూర్తి గారు ఆ అలవాటు మాన్పించారు. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి సరుకు లెక్కల ప్రోగ్రాము చేసి ఇచ్చాం. ప్రతి బస్తాకూ రైతు పేరు తప్పనిసరి అని పెట్టాను. జీడిపిక్కలు ఆరబోసే కళ్ళంలో నలుగురైదుగురి సరుకు ఒకే చోట కలిసిపోతుందని నాకు తెలియక కాదు, నేను ఆ ఊళ్ళ పిల్లనే. కంప్యూటరు ముందు కూర్చునేసరికి ఆ సంగతి పక్కకు పోయింది. మొదటి రిపోర్టు వచ్చింది. మా ఉద్దానం ప్రాంతంలో పండిన పిక్కలన్నీ ఒకే రైతువని ఉంది. అక్కడి గుమస్తా, రైతు పేరు తెలియని బస్తా వచ్చినప్పుడల్లా జాబితాలో మొట్టమొదటి పేరు నొక్కేవాడట. అందరూ పగలబడి నవ్వారు. మూర్తి గారు కూడా నవ్వి, తర్వాత నన్ను పక్కకు పిలిచి, "తెలియదు అని చెప్పడానికి నువ్వు ఆయనకు చోటివ్వలేదమ్మా. మరి ఆయన ఏం చేస్తాడు?" అన్నారు.

ఆయన మంచి గురువు, చెడ్డ మేనేజరు. సెలవు అడిగితే వారం రోజులు మొహం చూసేవారు కాదు. కానీ ఆ ఒక్క ప్రశ్నకు నేను ఇప్పటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను. నవ్వు ఆగిపోయాక నాకు వచ్చిన ఆలోచన మాత్రం ఆయనతో చెప్పలేదు. ఇవి పిక్కలు కాబట్టి సరిపోయింది, మనుషులైతే ఏమయ్యేదా అని.

టెక్కలిలో ఆఖరి కొలువు

పదవీ విరమణకు దగ్గర పడ్డాక నగరం వదిలి టెక్కలిలో ఒక చిన్న సంస్థలో చేరాను. రెండు గదులు, పైన రేకులు, కింద చెప్పుల షాపు. మా ఆఖరి పెద్ద పని చేపల వేటకు వెళ్ళే పడవల వివరాలు. అక్కుపల్లి వైపు ఊళ్ళలో ఏ బోటు సముద్రం మీదికి వెళ్ళింది, అందులో ఎవరెవరున్నారు, తిరిగి వచ్చారా లేదా అన్నది ఎప్పటికప్పుడు తెలియాలి. వాతావరణం పాడైతే ఎవరు ఇంకా బయట ఉన్నారో తెలుసుకుని వెతకడానికి పంపాలి. మోడళ్ళు నేనూ, హారిక అనే అమ్మాయీ కలిసి చేశాం. హారికది సంతబొమ్మాళి దగ్గర పల్లె. చురుకైన పిల్ల, నా కంటే వేగంగా రాస్తుంది, నా కంటే తక్కువ భయపడుతుంది. మా ఇద్దరికీ పైన శేషగిరి గారు. పని తెచ్చేదీ, పైవాళ్ళతో మాట్లాడేదీ ఆయనే.

మోడలు చూడడానికి సులువుగానే ఉంది. బోటు ఒక క్లాసు. మనిషి ఒక క్లాసు. వేట ఒక క్లాసు. వేటకు ఒక బోటు ఉంటుంది, కొందరు మనుషులు ఉంటారు, వెళ్ళిన సమయం, వచ్చిన సమయం ఉంటాయి. ఒడ్డున ఉన్న మనిషి ఫోనులో బోటు ఎంచుకుని, ఎక్కినవాళ్ళ పేర్లు టిక్కు పెట్టి, వెళ్ళింది అని నొక్కుతాడు. బోటు ఒడ్డుకు చేరాక వచ్చింది అని నొక్కుతాడు. ఇక మనిషి వచ్చాడా లేదా అన్నది విడిగా ఎక్కడా దాచలేదు. అతని బోటు వచ్చిందా అని అడిగితే చాలు, జవాబు దాన్నుంచే వస్తుంది. ఒకే సంగతిని రెండు చోట్ల దాచకూడదని మాకు నేర్పిన పాఠం. ఆ పాఠం తప్పు కాదు. బోటు రావడం, మనిషి రావడం ఒకే సంగతి అని మేము అనుకోవడం దగ్గర వచ్చింది చిక్కంతా.

బోటు క్లాసులో రిజిస్ట్రేషను నంబరు ఉంది. ఖాళీగా ఉండకూడదు. "ఒకవేళ నంబరు లేని పడవ ఉంటే?" అని మీటింగులో అడిగాను. శేషగిరి గారు ఓపికగానే చెప్పారు. "నంబరు లేకుండా సముద్రం మీదికి వెళ్ళకూడదు మేడం. వెళ్ళకూడనిదాన్ని మనం సిస్టంలో ఎక్కిస్తే, వెళ్ళొచ్చని మనమే ఒప్పుకున్నట్టు." పైవాళ్ళను రాసి అడిగాం. వాళ్ళూ అదే మాట అన్నారు. హారిక అప్పటికీ ఊరుకోలేదు. ఆ తీరంలో ఇంజను బోట్లే కాక తెప్పలు కూడా ఉంటాయని, దుంగలు కలిపి కట్టుకునే వాటికి నంబరు ఎక్కడిదని, బోటు కింద తెప్ప అని పిల్ల క్లాసు ఒకటి రాసి చూసింది. తల్లి క్లాసుకున్న షరతు పిల్ల క్లాసుకూ వస్తుంది కదా. సేవ్ చేయబోతే నంబరు ఏదని అడిగింది. "దీనికి మన రూలే నచ్చింది మేడం" అని నవ్వి తీసేసింది.

కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేదు. మా గోడ మీద పెద్ద తెర ఉండేది. దాని మీద 'సముద్రంలో ఉన్నవారు' అని, కింద ఒక అంకె. పొద్దున పెరిగేది, మధ్యాహ్నం నుంచి తగ్గుతూ వచ్చి సాయంత్రానికి సున్నా అయ్యేది. సున్నా కాగానే రంగు మారి పచ్చగా వెలిగేది. ఆ పచ్చదనం చూసి ఎవరి బ్యాగు వాళ్ళు సర్దుకునేవాళ్ళు. చూడడానికి వచ్చిన పెద్దలందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు.

సున్నా

ఆ రోజు తెల్లవారుజామున సముద్రం మామూలుగానే ఉందట. వాయుగుండం ఇంకా దూరంలో ఉందని, మర్నాటికి గానీ ప్రభావం ఉండదని చెప్పారు. పొద్దెక్కాక అది తీరం వైపు వేగంగా కదులుతోందని, వేటకు వెళ్ళిన వాళ్ళందరినీ వెంటనే వెనక్కి పిలవాలని కబురు వచ్చింది. ఒడ్డుకు ఫోన్లు వెళ్ళాయి. మేము ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. బయట గాలికి మా పైరేకులు దడదడలాడుతున్నాయి. అంకె తగ్గడం మొదలైంది. నేను చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాను. ఒక బోటు ఆలస్యమైంది. అదీ వచ్చింది. మధ్యాహ్నం దాటాక తెర పచ్చబడింది.

శేషగిరి గారు పెద్దగా ఊపిరి వదిలి, జిల్లాలో ఈ పని చూస్తున్న అధికారికి ఫోను చేశారు. మా వైపు అందరూ వచ్చేశారండీ, సున్నా అన్నారు. అటు నుంచి, మంచిది, అయితే గాలింపు పడవను మరో చోటికి పంపేస్తాం అన్నారు. హారిక కిందికి వెళ్ళి టీ తెచ్చింది. ఆ టీ తాగుతుండగా సహాయం కోసం ఇచ్చిన నంబరు మోగింది. హారికే ఎత్తి, చేతిలో గ్లాసు ఉందని స్పీకరు పెట్టింది.

"అమ్మా, అక్కుపల్లి కాడ నుంచి. నా పేరు పోలమ్మ. నా పెనిమిటి ఇంకా రానేదు. మా తమ్ముడు కూడా ఆడితోనే ఎల్లేడు. గాలి సూత్తే ఇలాగున్నాది."

హారిక పేర్లు అడిగింది. పెనిమిటి ఎర్రయ్య, తమ్ముడు గురుమూర్తి. వెతికింది, ఇద్దరూ ఉన్నారు, ఇద్దరి పక్కనా వచ్చారు అని ఉంది.

"కంగారుపడకండమ్మా. లక్ష్మయ్య గారి బోటులో ఎల్లేరు కదా, ఆ బోటు వచ్చీసింది. ఇద్దరూ దిగీసినట్టే ఉంది."

"లక్ష్మయ్య మా బావమ్మా, మా ఆయనకి అన్న. బావ వచ్చేడు. ఇదిగో నా పక్కనే నిలబడ్డాడు. ఈలిద్దరూ ఆయన బోటెక్కనేదు కదా. తెప్ప మీద ఎల్లేరు."

"మరి ఇక్కడ బోటులోనే ఉన్నట్టుందండీ."

"మీ కంప్యూటర్లోకి వచ్చేడేమో తల్లీ. మా ఇంటికి రానేదు."

హారిక నా వైపు చూసింది. పోలమ్మను లైనులోనే ఉండమని, నా ఫోనుతో ఒడ్డున నమోదు చేసే ధర్మారావుకు చేశాను. ధర్మారావు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు, ఏ రోజు నమోదూ తప్పించని మనిషి. గాలి హోరులో ఆయన గొంతు తెగి తెగి వినిపించింది.

"అవునండి, నానే ఏసేను. తెప్పకి నంబరు నేదు కదండి. నంబరు ఏకపోతే ఫోను ముందుకి కదలదు. మనుసుల్ని ఒగ్గీనేక ఆళ్ళ అన్న బోటులో ఏసీసేవోడిని. బోటొచ్చింది, నొక్కీసేను. ఆళ్ళు కూడా వచ్చీసినట్టు పడిపోతాదని నాకు తట్టనేదండి."

"ఇలా ఇంకెవరినైనా వేశారా ధర్మారావు గారూ?"

"తెప్పలోళ్ళందర్నీ అలాగే ఏత్తన్నానండి మొదట్నుంచీ. ఎవల తెప్పోళ్ళని ఆళ్ళ సుట్టాల బోటులో. ఉండండి, ఇల్లిల్లూ తిరిగి సూసొత్తాను."

ఇన్ని నెలలుగా మేము చూసి మురిసిన పచ్చ రంగులో సగం ఆయన మంచితనమే. మనిషిని లెక్కలో లేకుండా వదిలేయడం ఇష్టం లేక, మా షరతు ఒప్పుకునే చోటు ఏదో ఒకటి చూసి పెట్టాడు. ఆ ఊళ్ళో తమ్ముణ్ణి అన్న బోటులో లెక్కించడం ఎవరికీ అబద్ధంగా తోచదు కూడా. వేరే ఎక్కడైనా అయితే ఆ పేర్లు అసలు ఎక్కేవే కావు.

శేషగిరి గారి వైపు తిరిగి, "ఫోను చేసి సున్నా కాదని చెప్పండి" అన్నాను.

ఆయన వెంటనే ఫోను అందుకోలేదు. "ఖచ్చితంగా తెలుసా మేడం? వాళ్ళు ఇంకో చోట ఒడ్డెక్కి ఉంటేనో? ఇప్పుడే కదా సున్నా అని చెప్పాను. సిస్టం తప్పని మన నోటితో మనమే..."

"తెలియదు. తెలియదనే చెప్పండి."

మీరు ఆయన్ను పిరికివాడని అనుకోవద్దు. చేసిన పని మొత్తం తప్పని పైవాడికి తనంతట తాను చెప్పడం ఎంత కష్టమో ఉద్యోగం చేసినవాళ్ళకు తెలుసు. ఆయన కళ్ళు మూసుకుని తెరిచి, ఫోను చేశారు. "సార్, ఇందాక నేను చెప్పింది తప్పు. ఇద్దరు బయట ఉన్నారనుకుంటున్నాం. ఇంకెవరైనా ఉన్నారేమో చూస్తున్నాం" అన్నారు. మాట దాచలేదు. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది ఆ నిమిషంలోనే.

అటు అధికారి బోటు నంబరు అడిగారు. శేషగిరి గారు మా వైపు చూశారు. "నంబరు లేదండీ. తెప్ప."

"నంబరు లేకపోతే నేను దేని మీద ఎక్కించాలండీ? ఇక్కడ అడుగుతోంది."

మా అచ్చులాంటిదే ఒకటి అక్కడా ఉంది. ఇద్దరు మనుషులు నీళ్ళ మీద కొట్టుకుపోతుంటే, ఒడ్డున ఉన్న మేమంతా ఒక గడి నింపలేక ఆగిపోయాం. నేను శేషగిరి గారి చేతిలోంచి ఫోను లాక్కున్నాను. జీవితంలో పై అధికారి చేతిలోంచి ఏదైనా లాక్కోవడం అదొక్కసారే.

"ఎక్కించకండి సార్, కాగితం మీద రాసుకోండి. ఇద్దరు మగవాళ్ళు, బావా బావమరిది. దుంగల తెప్ప. ఉండండి, గుర్తులు అడిగి చెబుతాను."

హారిక పోలమ్మను అడుగుతోంది, పోలమ్మ తన బావను అడుగుతోంది, ఆయన చెప్పింది వెనక్కి అదే దారిలో నాకు వస్తోంది. నీలం పాలిథీన్ తెరచాప. ఎర్రయ్యకు పసుపు బనీను. బోట్లు వల వేసే చోటుకు కొంచెం ఉత్తరంగా వెళ్ళడం వాళ్ళకు అలవాటు. గాలి ఇప్పుడు దక్షిణం నుంచి కొడుతోంది కాబట్టి ఇంకా ఉత్తరానికే పోయి ఉంటారు. నేను ఒక్కో ముక్కా ఫోనులో చెప్పాను. తర్వాత ఆ అధికారి, "బనీను రంగు మళ్ళీ చెప్పండమ్మా" అన్నారు. ఆ మాటతో నాకు కాస్త ఊపిరి ఆడింది.

ఆ తర్వాత చేయడానికి మాకేమీ లేదు. ధర్మారావు ఫోను చేసి, మిగతా తెప్పలన్నీ ఇసుక మీదే ఉన్నాయి, ఆ ఒక్కటే లేదు అన్నాడు. వాన మొదలైంది. పోలమ్మ ఫోను పెట్టలేదు, హారికా పెట్టలేదు. ఉండుండి పోలమ్మ "ఉన్నావా తల్లీ" అనేది, హారిక "ఉన్నానమ్మా" అనేది. తెర మాత్రం సున్నా చూపిస్తూ పచ్చగా వెలుగుతూనే ఉంది. దాన్ని మార్చాలన్నా దారి లేదు, మా మోడలులో ఆ ఇద్దరూ ఇంటికి వచ్చేశారు. చివరికి శేషగిరి గారే లేచి వెళ్ళి దాని ప్లగ్గు పీకేశారు.

నేను దేవుడికి మొక్కుకున్నాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఆ రోజు నాకు చేతనైంది అదే. మనసులో ఒకటే తిరుగుతోంది. ఈమె ఫోను చెయ్యకపోతే? మేము ఎత్తకపోతే? టీ తాగేసి తలుపులు వేసుకుని వెళ్ళిపోయి ఉంటే?

వెలుతురు ఉండగానే కబురు వచ్చింది. తెప్ప కట్లు తెగిపోయి రెండు దుంగలు మిగిలాయట, వాటిని పట్టుకుని ఇద్దరూ తేలుతున్నారట. గురుమూర్తికి చెయ్యి విరిగింది. ఎర్రయ్య మాట్లాడే స్థితిలో లేడు గాని ప్రాణం ఉంది. గాలింపు పడవ దక్షిణానికి మళ్ళుతుండగా వెనక్కి తిప్పామని ఆ అధికారి చెప్పారు. హారిక పోలమ్మకు చెప్పలేక ఫోను నాకిచ్చింది. నేను చెప్పాను. పక్కనున్న వాళ్ళు ఆమెను పట్టుకుని కూర్చోబెడుతున్న చప్పుడు వినిపించింది.

తర్వాత మార్చినవి

మర్నాటి నుంచి మోడలు మళ్ళీ రాశాం. నంబరు ఖాళీగా ఉండవచ్చు. తెప్పలు వాటి పేరుతోనే ఎక్కుతాయి. మనిషి వచ్చాడా అన్నది బోటును అడగం, మనిషికే విడిగా ఉంటుంది. దాని పక్కన అతన్ని కళ్ళతో చూసింది ఎవరు అని ఒక ఫీల్డు. అన్నిటికంటే ముఖ్యమైంది, వచ్చాడు, రాలేదు అన్న రెండింటితో పాటు తెలియదు అన్నది మూడోది. ఎవరూ ఏమీ నొక్కకపోతే పడేది అదే. హారిక ఆ లైను రాసి, నన్ను పిలిచి, రెండుసార్లు చదివించి గాని సేవ్ చెయ్యలేదు. ఆ పిల్లకు నా జబ్బు అంటుకుందని సంతోషించాలో బాధపడాలో తెలియలేదు.

పైవాళ్ళకు ఇది నచ్చలేదు. ఇంతకు ముందు సాయంత్రానికి సున్నా అయ్యేది, ఇప్పుడు రోజూ ఎవరో కొందరు తెలియదు అని మిగిలిపోతున్నారు, చూడడానికి బాగాలేదు అన్నారు. సాయంత్రం కాగానే ఆ తెలియని వాళ్ళందరినీ వచ్చినట్టు మార్చేసే ఏర్పాటు చెయ్యమన్నారు. శేషగిరి గారు కుదరదన్నారు. మళ్ళీ ఒత్తిడి వస్తే, కావాలంటే పని వేరేవాళ్ళకు ఇచ్చుకోండి అన్నారు. ఆయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం మాలో ఒకరు కూర్చుని, మిగిలిన పేర్లకు ఒక్కొక్కరి ఇంటికీ ఫోను చేసేవాళ్ళం. చాలాసార్లు తిట్లు తినేవాళ్ళం. "ఇంట్లోనే ఉన్నాడు, మీకేటి పని నేదా" అనేవారు. ఆ తిట్లు వింటే నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

కొత్తగా చేరే అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇదే. నువ్వు తప్పనిసరి అని రాసిన చోటల్లా, ఆ గడి నింపలేక ఆగిపోయే మనిషి ఒకరు ఎక్కడో ఉంటారు. వాళ్ళు నీకు ఫోను చేసి అడగరు. ఏదో ఒకటి పెట్టేసి పని కానిచ్చుకుంటారు, చాలాసార్లు మంచి ఉద్దేశంతోనే. నీ తెర మీద అంతా శుభ్రంగా కనబడుతుంది. అంత శుభ్రంగా ఉన్నప్పుడే కాస్త భయపడు. నీ సీనియర్లు నవ్వితే నవ్వనీ, వాళ్ళకు పని ఉండదు.

ఆఖరి సాయంత్రం

నా చివరి పనిదినం నాడు ఆఫీసులో శాలువా కప్పారు, మిఠాయిలు పంచారు. హారిక ఏడ్చింది. అందరూ వెళ్ళాక ఆ రోజు ఫోన్లు నేను చేస్తానన్నాను. నాలుగైదు పేర్లు మిగిలాయి. ఒక్కొక్కరినీ అడిగి, వచ్చారు అని నొక్కుతూ పోయాను. చివరికి ఒక్క పేరు మిగిలింది, ఎర్రయ్య. ఇప్పుడు అతను తన అన్న బోటులో వెళుతున్నాడు. ఆ బోటు వచ్చింది, మిగతా వాళ్ళందరినీ ధర్మారావు చూశాడు. ఇతన్ని మాత్రం ఒడ్డున చూడలేదట. నొక్కలేదు.

ఫోను చేస్తే పోలమ్మ ఎత్తింది. నేనెవరో చెప్పాను.

"వచ్చీసేడమ్మా. ఒల్లు బాగోనేదనీసి బోటు దిగి సీదా ఇంటికొచ్చీసేడు. ఇప్పుడే పడుకున్నాడు" అంది. నేను ఇంకా ఫోను పెట్టకపోయేసరికి, "లేపమంటావేటి?" అని అడిగింది.

ఆమె భార్య. కళ్ళారా చూసి చెబుతోంది. మా మోడలు ప్రకారం అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు. అలసిపోయి పడుకున్న మనిషిని లేపడం న్యాయం కూడా కాదు. వద్దులే అని చెప్పి, నొక్కేసి, దీపాలార్పి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

"లేపమ్మా" అన్నాను.

మంచం కిర్రుమనడం, ఆమె ఏదో గొణగడం వినిపించాయి. తర్వాత నిద్రమత్తులో ఒక మగ గొంతు, విసుగ్గా, "ఎవలండి?" అంది.